గేర్ ఆయిల్ తగ్గిందంటే కారినట్టే

మాన్యువల్ గేర్‌బాక్సులో పోసిన నూనె ఖర్చయ్యేది కాదు. ఇంజిన్ ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్లలోకి చేరి మండిపోతుంది కనుక కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి దాని మట్టం కాస్త దిగడం మామూలే. గేర్‌బాక్సులో మంటా లేదు, పొగా లేదు. ఇనప పళ్లచక్రాలు, వాటిని మోసే బేరింగులు, వాటి చుట్టూ నూనె, అన్నిటినీ మూసి ఉంచే పెట్టె, అంతే. బండి ఎన్నేళ్లు తిరిగినా పోసిన నూనె పోసినంతా లోపలే ఉండాలి. మట్టం దిగిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. గేర్ ఆయిల్ చూడటమంటే అందుకే లీకు వెతకడం కూడా. తగ్గినంత పోసి బోల్టు బిగిస్తే సగం పనే అయినట్టు.

గేర్‌బాక్సుకు పడే శ్రమ దారిని బట్టి మారుతుంది. పలాస, కాశీబుగ్గ, టెక్కలి ఊళ్ల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద కారుకు పెద్దగా కష్టం లేదు. టాప్ గేరులో పడేసి పోతూ ఉండవచ్చు. దారి దిగి పూండి మీదుగా ఉద్దానం ఊళ్లలోకి పోతే లెక్క మారిపోతుంది. ఇరుకు రోడ్లు, మలుపులు, ఎదురొచ్చే ఆటోలు, జీడితోటల మధ్య ఇసుక బాటలు. గేరు మార్చని నిమిషం ఉండదు. జీడి పిక్కల బస్తాలో, కొబ్బరికాయలో, పనసకాయలో, చేపల బుట్టలో నింపుకున్న టాటా ఏస్, బొలెరో పికప్ బళ్లకైతే ఇది రోజువారీ బతుకు. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. నౌపడలో ఉప్పు మళ్లు పండే తీరం ఇది. బండి కింద భాగంలోని బోల్టులకు తుప్పు తొందరగా పడుతుంది. గేర్ ఆయిల్ చూడాలంటే విప్పాల్సిన బోల్టు ఆ కింద భాగంలోనే ఉంటుంది.

నూనె లోపల ఏం చేస్తుందో తెలిస్తే మట్టం సంగతి ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. ఇంజిన్‌లో నూనెను పైకి తోయడానికి పంపు ఉంటుంది. చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో అలాంటి పంపేదీ లేదు. కింది షాఫ్టు మీది పళ్లచక్రాలు నూనెలో కొంత మునిగి తిరుగుతూ దాన్ని పైకి చిమ్ముతాయి. ఆ చిమ్మిన నూనే పై షాఫ్టు బేరింగులకు, ఒరుసుకునే పళ్లకు, సింక్రో రింగులకు చేరుతుంది. మట్టం ఒక హద్దు దాటి దిగితే కింది చక్రాలకు నూనె అందుతూనే ఉంటుంది, పైవాటికి అందదు. బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. నూనె తగ్గిన గేర్‌బాక్సుతో వచ్చే చిక్కంతా ఇదే. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోతే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది. మామూలు కార్లలో గేర్ ఆయిల్‌కు అలాంటి దీపమేమీ లేదు.

సింక్రో రింగుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1928లో క్యాడిలాక్ కార్లతో వచ్చిన ఏర్పాటు ఇది. గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ముందు ఒరిపిడితో ఒకే వేగానికి తెచ్చి, తర్వాత పళ్లు కలుపుతుంది. అంతకుముందు డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు వేయాల్సి వచ్చేది. చాలా బళ్లలో ఈ రింగులు ఇత్తడివి. ఒరిపిడితో పనిచేసే రింగు కనుక నూనె దాన్ని అరగనివ్వకూడదు, అలాగని మరీ జారిపోయేలా చేయకూడదు. ఏ నూనె పోయాలన్న ప్రశ్నకు మూలం ఇందులోనే ఉంది.

నూనె ఉండే చోటు బండిని బట్టి మారుతుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన రోడ్ల మీది అంబాసిడర్, పద్మిని కార్లలో ఇంజిన్ బలం వెనక చక్రాలకు చేరేది. ఇంజిన్ వెనక గేర్‌బాక్సు, అక్కడినుంచి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ఇరుసు మధ్యలో ఆ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్. మారుతి 800లో ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్సును, డిఫరెన్షియల్‌ను ఒకే పెట్టెలో ముందుకు తెచ్చారు. ఆల్టో, స్విఫ్ట్, ఐ10 లాంటి కార్లన్నీ ఈ రకమే. రెంటికీ ఒకటే నూనె, ఒకటే మట్టం. బొలెరో, టాటా ఏస్, పాత ఓమ్ని బళ్లలో ఇప్పటికీ గేర్‌బాక్సు వేరు, వెనక డిఫరెన్షియల్ వేరు. చూడాల్సిన చోట్లు రెండు. గేర్‌బాక్సు చూసి డిఫరెన్షియల్ సంగతి మరిచిపోయే వాళ్లు తక్కువేమీ కాదు. బరువు మోసే బండిలో ముందు అరిచేది చాలాసార్లు అదే.

నూనె తగ్గిన పెట్టె మొదట మోతతో చెబుతుంది. వేగం పెరిగేకొద్దీ సన్నగా పెరిగే ఊళ మాదిరి శబ్దం, ఒక గేరులో ఎక్కువగా, మరో గేరులో తక్కువగా వినిపిస్తుంది. బండి నిలబడి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు మోత వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అనుమానం గేర్‌బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు మీద. క్లచ్ తొక్కినప్పుడే మోత వస్తుంటే అది క్లచ్ రిలీజ్ బేరింగు గొడవ, దానికి గేర్ ఆయిల్‌తో సంబంధం లేదు. గేర్లు గట్టిగా పడటం, రెండో గేరు వేస్తుంటే గరగరమనడం కూడా గుర్తులే గానీ, వాటికి క్లచ్ సరిగా వదలకపోవడమూ కారణం కావచ్చు. ఏదైనా చెవికి మోత చేరేసరికి లోపల అరుగుదల మొదలైపోయి ఉంటుంది. అందుకే మోత కోసం కాచుకోకుండా చుక్క కోసం చూడటం తెలివి.

చుక్క చూడటంలో ఉద్దానానికి ఒక ఇబ్బంది ఉంది. సిమెంటు నేల మీద బండి నిలిపితే తెల్లారేసరికి మరక కనిపిస్తుంది. ఇసుక వాకిట్లో చుక్క పడ్డది పడ్డట్టే ఇంకిపోతుంది, పైన పొడి ఇసుక కప్పేస్తుంది. నెలల తరబడి కారుతున్నా ఇంట్లో వాళ్లకు తెలియదు. రాత్రి బండి కింద, ముందు చక్రాల మధ్య ఒక అట్టపెట్టెను విప్పి పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెడితే సరి. పొద్దున్నే అట్టను పరీక్షగా చూడాలి. నల్లగా, పలచగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా ఉంటే రేడియేటర్ కూలెంట్. ఉత్త నీళ్లయితే ఏసీ నుంచి వచ్చినవి, వాటి గురించి దిగులు అక్కర్లేదు. గేర్ ఆయిల్ చిక్కగా, కొత్తదైతే తేనె రంగులో, పాతదైతే గోధుమ రంగులో ఉంటుంది. అన్నిటికంటే పక్కా గుర్తు వాసన. గంధకం కలిపిన నూనె కనుక ముక్కుకు ఘాటుగా తగులుతుంది. ఒకసారి పీల్చినవాళ్లు మళ్లీ మరిచిపోరు.

ఎక్కడినుంచి కారుతోందన్నది తర్వాతి ప్రశ్న. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే బండిలో ఎక్కువగా వదిలేది గేర్‌బాక్సులోంచి చక్రానికి పోయే డ్రైవ్ షాఫ్టు దగ్గరి ఆయిల్ సీలు. రబ్బరు ముదిరి గట్టిపడినా, షాఫ్టు విప్పి బిగించేటప్పుడు దాని అంచు చిట్లినా అక్కడ నూనె చెమ్మ పడుతుంది. దీన్ని యాక్సిల్ బూటు చిరగడంతో కలిపేసుకోకూడదు. బూటు చిరిగితే చిందేది నల్లటి గ్రీజు, అది చక్రం లోపలి వైపంతా చిమ్మి ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోట అడుగు నుంచి చుక్క పడుతుంటే ఇన్‌పుట్ షాఫ్టు సీలుగానీ ఇంజిన్ వెనక సీలుగానీ కావచ్చు. ఏదో తేల్చేది మళ్లీ వాసనే. ఇక్కడ కారిన నూనె క్లచ్ ప్లేటు మీద పడితే క్లచ్ జారడం మొదలవుతుంది కనుక దీన్ని వాయిదా వేయకూడదు. గేరు లివర్ కడ్డీ పెట్టెలోకి దూరే చోటి సీలు, డ్రెయిన్ బోల్టు వాషరు మిగిలిన అనుమానితులు. అప్పుడప్పుడు సీళ్లన్నీ బాగానే ఉండి కూడా నూనె చెమర్చుతుంది. గేర్‌బాక్సు మీద గాలి పీల్చి వదలడానికి బ్రీదర్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే, వేడెక్కిన గాలి బయటికి పోయే దారి లేక నూనెను సీళ్ల మీదికి తోస్తుంది. బ్రీదర్ శుభ్రం చేస్తే పోయేదానికి సీళ్లు మార్చడం దండగ.

ఇక అసలు పని, మట్టం చూడటం. చాలా కార్ల గేర్‌బాక్సుకు ఇంజిన్‌కు ఉన్నట్టు కొలబద్ద ఉండదు. పెట్టె పక్కన ఒక బోల్టు ఉంటుంది. నూనె పోసే దారీ అదే, మట్టం చెప్పే గుర్తూ అదే. అడుగున ఉండే రెండోది నూనె దించే డ్రెయిన్ బోల్టు. పక్క బోల్టు విప్పినప్పుడు ఆ రంధ్రం కింది అంచు దాకా నూనె ఉంటే మట్టం సరిగ్గా ఉన్నట్టు. ఈ ఒక్క ముక్క కోసమే మిగతా ఏర్పాట్లన్నీ.

మొదటి ఏర్పాటు బండి సమంగా నిలబడటం. ఒక పక్క జాకీ వేసి ఎత్తి చూస్తే లోపలి నూనె ఒరిగిపోతుంది. బోల్టున్న వైపు ఎత్తితే తక్కువున్నట్టు, అవతలి వైపు ఎత్తితే ఎక్కువున్నట్టు అబద్ధం చెబుతుంది. హైవే పక్క లారీ గ్యారేజీల్లో ఉండే గొయ్యి దీనికి అన్నిటికన్నా మేలు. బండి నేల మీదే సమంగా ఉంటుంది, మనిషి కిందికి దిగి చూస్తాడు. సర్వీసు సెంటర్లలో నాలుగు వైపులా ఎత్తే లిఫ్టు ఉంటుంది. నేల నుంచి ఎత్తుగా ఉండే బొలెరో లాంటి బండికైతే గొయ్యి కూడా అక్కర్లేదు, కింద పడుకుంటే చేయి అందుతుంది.

ఇంటి దగ్గర చూడాలనుకుంటే ఇసుక మీద ససేమిరా పని చేయకూడదు. బరువు పడేసరికి జాకీ అడుగు ఒక పక్కకు దిగుతుంది, బండి జారుతుంది. జాకీ కింద మందపాటి చెక్క వేయడం టైరు మార్చడానికి సరిపోతుందేమో గానీ బండి కింద దూరడానికి సరిపోదు. గట్టి సిమెంటు నేల కావాలి. జీడి పిక్కలు ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగా ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. అక్కడైనా ఉత్త జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు. నాలుగు వైపులా స్టాండ్ల మీద దించి, అది కదలడం లేదని తోసి చూసుకున్నాకే దూరాలి. ఇటుకలు పేర్చి వాటి మీద నిలపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బరువుకు ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు.

రెండోది వేడి. అప్పుడే తిరిగొచ్చిన బండిలో నూనె ఇంకా పళ్ల మీద, గోడల మీద అంటుకుని ఉంటుంది. సైలెన్సర్ గొట్టం చేయి కాలుస్తుంది. కొద్ది దూరం నడిపి, ఇంజిన్ ఆపి, నూనె కిందికి దిగేదాకా పావుగంట ఆగితే గోరువెచ్చగా ఉంటుంది. కొన్ని బళ్ల పుస్తకాలు పూర్తిగా చల్లారాకే చూడమంటాయి. అప్పుడు పుస్తకం మాటే వినాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఇంజిన్ నడుస్తుండగా వేడి మీద చూస్తారు. ఆ అలవాటును ఇక్కడికి తేకూడదు, మాన్యువల్ బండిని ఇంజిన్ ఆపే చూడాలి.

బోల్టు చుట్టూ ఉన్న మట్టిని ముందుగా వైరు బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడవాలి. తెరవగానే రంధ్రంలోకి పడే ఇసుక రేణువు బేరింగు దాకా పోతుంది. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచడం మంచిది. తలకు సరిగ్గా పట్టే బాక్సు స్పానర్ కావాలి. ఓపెన్ స్పానర్ జారితే మూలలు అరిగి గుండ్రంగా అవుతాయి, ఆ తర్వాత ఉలి, సుత్తి దిగుతాయి. చాలా గేర్‌బాక్సుల పెట్టెలు అల్యూమినియంవి కనుక సుత్తి దెబ్బలకు పగిలితే బాగుచేయడం మామూలు ఖర్చుతో తెమలదు. కొన్ని బోల్టులకు తల ఉండదు, ఎలెన్ కీ పట్టే గుంటగానీ చదరపు గుంటగానీ ఉంటుంది. గుంటలోని మట్టిని మేకుతో గీకి తీశాకే కీ పూర్తిగా లోపలికి దిగుతుంది.

పాత మెకానిక్కులు కుర్రాళ్లకు మొదట నేర్పేది ఒకటుంది. కింది బోల్టు ముట్టుకునే ముందు పక్క బోల్టు వస్తుందో లేదో చూసుకోవాలి. వరస తప్పి నూనెంతా దించేశాక, పోసే దారి బోల్టు తుప్పుతో బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

బోల్టు వదులైనాక చేత్తో మెల్లగా తిప్పాలి, కింద ఒక పళ్లెం పెట్టుకోవాలి. సన్నటి ధార కొద్దిగా కారి ఆగిపోతే మట్టం సరిగ్గా ఉన్నట్టే. ఏమీ కారకపోతే చిటికెన వేలును రంధ్రంలోకి పెట్టి, కిందికి వంచి చూడాలి. వేలి కొనకు అంచు దగ్గరే నూనె తగిలితే ఫరవాలేదు, కొన్ని మిల్లీమీటర్ల తేడా పట్టించుకోనక్కర్లేదు. వేలు మొదటి కణుపు దాకా వంచినా తగలకపోతే పోయాల్సిందే. వేలు పట్టని చోట తీగను ఎల్ ఆకారంలో వంచి దించి, అది ఎంత తడిసిందో చూస్తారు. తీసిన వేలిని అలాగే తుడిచేయకుండా బొటనవేలితో రుద్ది చూడాలి. నున్నగా జారితే మంచిది. సన్నటి మెరిసే పొడి కొద్దిగా ఉండటం అరుగుదలలో భాగమే. గరుకుగా ముక్కలు తగిలితే మాత్రం మట్టం సరిచేసినంత మాత్రాన లాభం లేదు, పెట్టె విప్పాలి. డ్రెయిన్ బోల్టు కొనకు చాలా బళ్లలో అయస్కాంతం ఉంటుంది. నూనె మార్చేటప్పుడు దాని మీద పేరుకున్నది మెత్తటి నల్ల ముద్దా, పళ్ల ముక్కలా అని చూస్తే ఇదే సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

చిన్న కార్ల గేర్‌బాక్సులో పట్టేదే సుమారు 2 లీటర్లు. అర లీటరు కారిందంటే నాలుగో వంతు పోయినట్టు. అంత ఇరుకు చోట సీసా నేరుగా వంచలేరు కనుక నూనెను చేతి పంపుతో ఎక్కిస్తారు, లేదా ఇంజిన్ పైనుంచి పొడవాటి గొట్టం దించి పై చివర గరాటు పెట్టి పోస్తారు. గేర్ ఆయిల్ చిక్కన కనుక నిదానంగా దిగుతుంది, తొందరపడితే గరాటు పొర్లుతుంది. రంధ్రం నుంచి తిరిగి కారడం మొదలయ్యేదాకా పోసి, ఆ కారడం చుక్కల్లోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు బోల్టు పెట్టాలి. ఎక్కువైతే మంచిదేగా అని అంచు దాటించి బిగించేవాళ్లున్నారు. మట్టం మించిన నూనెను చక్రాలు చిలికి నురుగు చేస్తాయి. నురుగు పళ్ల మధ్య పొరగా నిలవదు, పెట్టె వేడెక్కుతుంది, మిగిలినది సీళ్ల గుండా, బ్రీదర్ గుండా బయటికొస్తుంది.

ఏ నూనె అన్నది దుకాణంలో నిలబడి తేల్చుకునేది కాదు, బండి పుస్తకంలో రాసి ఉంటుంది. డబ్బా మీద 75డబ్ల్యు-90, 80డబ్ల్యు-90 అన్న అంకెలు చిక్కదనానివి. ఇంజిన్ ఆయిల్ అంకెలతో వీటిని పోల్చకూడదు, కొలమానమే వేరు. గేర్ ఆయిల్‌లో 90 అన్నది ఇంజిన్ ఆయిల్‌లో దాదాపు 40, 50 అంకెల చిక్కదనమే. డబ్ల్యు ముందున్న అంకె చలిలో నూనె ఎలా పారుతుందో చెబుతుంది. పలాస చలికి దాని గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. ఆలోచించాల్సింది జీఎల్-4, జీఎల్-5 అన్న మాటల గురించి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. బొలెరో వెనక ఇరుసులో లాగా పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారే చోటికి అది సరైనది. అదే నూనెను ఇత్తడి సింక్రో రింగులున్న గేర్‌బాక్సులో పోస్తే కొన్ని రకాలు ఇత్తడిని తింటాయి, రింగు ఒరిపిడి తగ్గి గేర్లు గరగరమంటాయి. చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకు అందుకే జీఎల్-4 చెబుతారు. పెద్ద అంకె మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు. కొన్ని కంపెనీలు గేర్ ఆయిల్‌కు బదులు పలచటి ప్రత్యేక ద్రవం వాడమంటాయి, అది కూడా పుస్తకంలోనే ఉంటుంది.

బోల్టు తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషరు వేయాలి. మొదటి నాలుగు చుట్లూ చేత్తోనే తిప్పాలి. వంకరగా పట్టిన బోల్టును స్పానర్‌తో తోస్తే అల్యూమినియం థ్రెడ్డు పోతుంది. పుస్తకం చెప్పినంత బిగువు చాలు, బలం చూపించే చోటు కాదిది. తుడిచి పెట్టి, వారం తిరిగాక మళ్లీ అట్ట పరిచి చూస్తే బిగింపు సరిగా ఉందో లేదో తేలిపోతుంది.

క్లచ్ పెడల్ లేకుండా నడిచే ఏఎంటీ బళ్ల వాళ్లకు ఇదంతా తమకు సంబంధం లేదనిపిస్తుంది. మారుతి సెలేరియోతో 2014లో మన దగ్గరికి వచ్చిన ఈ ఏర్పాటులో లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలి పని, గేరు వేసే చేతి పని యంత్రం చేస్తుంది. సెలేరియో లాంటి బళ్లలో ఆ యంత్రానికి వేరే హైడ్రాలిక్ ద్రవం, దానికి వేరే డబ్బా ఉంటాయి. ఆ డబ్బాలో మట్టం చూసి గేర్ ఆయిల్ చూసేశామనుకోవడం పొరపాటు.

ఈ తీరంలో మట్టం తగ్గకపోయినా బోల్టు విప్పి చూడాల్సిన సందర్భం ఒకటుంది, వరద. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు కూలడంతో పాటు కుండపోత వానలకు వంశధార, మహేంద్రతనయ పొంగాయి. అలాంటి రోజుల్లో చక్రాలు మునిగే నీళ్లలోంచి బండి నడిపితే గేర్‌బాక్సుకు ప్రమాదం సీళ్ల కన్నా బ్రీదర్ నుంచి ఎక్కువ. నడిచి వేడెక్కిన పెట్టె చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ మునిగి ఉంటే దాని గుండా నీళ్లు లోపలికి లాక్కుంటుంది. వెనక ఇరుసుకూ ఇదే వర్తిస్తుంది. అప్పుడు చూస్తే మట్టం తగ్గకపోగా పెరిగి ఉంటుంది. బండి నడిచి నీళ్లు కలిసిపోయిన నూనె పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. కలవకముందు బండి నిలిచి ఉంటే నీళ్లు బరువు కనుక అడుగున చేరతాయి. డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేయగానే ముందు నీళ్లే వస్తాయి. అలాంటి బండిని స్టార్టు చేసి మెకానిక్ దాకా నడపకుండా లాక్కెళ్లడమే మేలు. నూనెంతా దించి కొత్తది పోసి, కొద్ది దూరం నడిపి, మూలల్లో మిగిలిన తేమతో పాటు దాన్ని కూడా దించేసి మళ్లీ కొత్తది పోస్తారు. బ్రీదర్ గొట్టం శుభ్రం చేయడం కూడా అందులో భాగమే.

దించిన పాత నూనెను దొడ్లో పారబోయకూడదు. ఇసుక నేల దాన్ని ఆపదు, బావి నీటి మట్టం వైపు దించేస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన నూనె కూడా ఉంది. మూత గట్టిగా పడే డబ్బాలో పోసి, వాడేసిన ఆయిల్ పోగుచేసి అమ్మే గ్యారేజీకి ఇచ్చేయవచ్చు. అందులో పెట్రోలు, కూలెంట్ కలపకుండా విడిగా ఇవ్వాలి, కలిస్తే దాన్ని మళ్లీ శుద్ధి చేయడం కష్టమవుతుంది.